ఏడో బోరు పైపు

కొండమల్లేపల్లి చౌరస్తాల
ఖాజా పాషా వెల్డింగు దుకాణం ముందు
ట్రాలీ ఆపిన.
మూడు ఇనుప కేసింగు పైపులు, ఒక్కోటి ఇరవై అడుగులు.
"ఎవరి బోరుది?" అన్నడు, తుప్పును గోటితో గీకి.
"నాదే. ఏడోది."
ఇంకేం అడగలే.
ఈ తొవ్వల ఆ మాటకు
రెండో ప్రశ్న ఉండదు.

డ్రమ్ము మిర్యాలగూడది.
మూతవడ్డ రైసుమిల్లుల వడ్లు ఉడికిన డ్రమ్ము,
కిలో ముప్పై ఆరు లెక్కన తూకమేసిండ్రు.
బావమరిది లింగస్వామి, చవకగ దొరికిందని,
నీళ్ల ట్యాంకి రేకొకటి మోసుకొచ్చిండు, తెల్లగ మెరుస్తున్నది.
పాషా దాన్ని ముట్టనే లేదు.
"జింకు పూత. కాలితే విషం.
ఒకసారి పీల్చిన, సూర్యాపేటల పనికి పోయినప్పుడు.
రాత్రంత చలిజ్వరం,
నోట్లె పైస బిళ్ల పెట్టుకున్నట్టు తీపి."
ఆ రేకు ఇప్పుడు బర్రెల కొట్టం మీద ఉన్నది.

జాలికి వరికోత మిషను జల్లెడ.
పిడికి ఆటో కమాను పట్టీ.
మంటపెట్టె పక్కకు జరిపి అతికిండు:
"మంట మాంసాన్ని చూడొద్దు,
పొగ ఒక్కటే పోయి పలకరించాలె."
పైపుల ఆరడుగులు కోసి
నెత్తి మీద నిలవెట్టిండు.

చిన్నమ్మ బుచ్చమ్మ వచ్చి చుట్టూ తిరిగి చూసింది.
"ఒట్టితునకలకు ఇంత ఇనుమా?
మేము పొయ్యి మీద దండెం కడితిమి.
వానకాలమంత పొగనే కాపలా.
మా అత్తగారింటి దూలం నాకితే
ఉప్పగుండేది."
నిజమే. కొత్తదేం కాదు.
దండేన్ని ఇనుముల పెట్టినం, అంతే.

కట్టె మా బత్తాయిది.
నూట ఎనభై చెట్లు. కొట్టించి రెండేండ్లాయె.
ఇటుకబట్టీ వాండ్లు ట్రాలీకి ఎంతిస్తమన్నరో
చెప్పను.

మొదటి మంట వట్టిదే.
పాత రంగు కాలాలె, పాత జిడ్డు కాలాలె.
డ్రమ్ము వేడెక్కంగనే ఉప్పుడు వడ్ల వాసన లేచింది.
"బువ్వ ఎవరొండుతున్నరు?" అని
లింగస్వామి వెనక్కి తిరిగి చూసిండు.
అతుకు అతుకుకు పొగ కారింది.
పాషా తల గోక్కున్నడు.
బుచ్చమ్మ రేగడి పిసికి, పొట్టు కలిపి,
వెల్డింగు రాడ్డు అందని కాడ
వేలుతోటి మూసింది.

అప్పుడెక్కింది పైకి,
పైపు మూతి నుంచి, తెల్లగ, నిటారుగ.

నేను రెండడుగులు వెనక్కి జరిగిన.

ఆ రాత్రి రెండున్నరకు
రిగ్గు లైట్ల కింద
ఇదే మూతి నుంచి ఇదే తెలుపు.
రాతిపిండి.
నీళ్లు తగిలితే బురద ఎగజిమ్ముతది,
పొగ రాదు.
ఏడు వందల ఇరవై అడుగుల దాక పొగనే.
మా ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టి
కొట్టని కొబ్బరికాయ చేతులనే పట్టుకొని నిలవడ్డది.
డ్రిల్లరు రాడ్లు ఎంచిండు, బిల్లు రాసిండు.
తెల్లారి చూస్తే బత్తాయి ఆకుల నిండ పిండి,
సున్నమేసినట్టు.

"నీళ్లు పడ్డయా?"
రోడ్డు మీద బండాపి కేకేసిండు పక్క చేను కోటిరెడ్డి,
దూరం నుంచి ఆ తెలుపు చూసి.
నవ్వొచ్చింది నాకు. ఎక్కడ్నుంచి వచ్చిందో తెల్వదు.
"పడలే! తునకలు పెడుతున్నం, రా!"

అరచెయ్యి డ్రమ్ముకు ఆనించి ఎంచమన్నడు పాషా.
ఎనిమిది దాక ఆగితే సరి,
ఐదుకే గుంజుకుంటే గాలిరంధ్రం మూయాలె.
రాత్రంత వంతులేసుకున్నం.
మా ఆమె పదకొండు దాక ఎంచింది,
ముండ్లల్ల కాయ తెంపిన చెయ్యి.

పొద్దుగాల తలుపు తీసినం.
తునక నల్లగ, పడితే తోలు లెక్క.
నమిలితే మొదలు ఉప్పు, ఎనక కారం,
ఆఖరుకు నాలిక కొసకు సన్నగ
బత్తాయి తొక్క చేదు.

మా ఆమె నమలుడు ఆపింది.
"ఇది మూడో సాలు కట్టె" అన్నది.
"ఎట్ల తెలుసు?"
"ఆ సాలు కాయ ఎన్నడు తియ్యగుండె?"